నవాబు గారు లోయలో చిక్కుకున్న సంగతి

"ఆరో దారి ఎక్కడున్నదో నీకు మొదటి సంది ఎరుకనే గదా?"

"చాయ్ సల్లారుతున్నది. ముందు తాగుండ్రి."

మేమిద్దరం చివరగా మాట్లాడుకున్న మాటలు ఇవే. అరవై ఏళ్ళ కాపురం. అడిగింది ఆయన, తాగమన్నది నేను. ఆయన సగం తాగి సాసరు నా చేతికిచ్చారు. వంటింట్లో పెట్టి వచ్చేసరికి మనిషి లేడు. ఆయనకు ఎడమ చెవి పనిచేయదు. నేను ఎప్పుడూ ఎడమ పక్కనే కూర్చుంటాను, ఎందుకంటే పీట ఆ పక్కన ఉంది. కాబట్టి నేను చాయ్ గురించి చెప్పానని ఆయనకు తెలుసో, లేక అవునని ఒప్పుకున్నాననుకుని తాగారో నేను చెప్పలేను. పరామర్శకు వచ్చినవాళ్ళు చివరి మాట ఏమన్నాడని అడిగారు. దారి గురించి అడిగారని చెప్పాను. మసీదు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ముక్కు చీదుకుని, ఆఖరి గడియలో దారి గుర్తుకు రావడం అందరికీ దక్కే అదృష్టం కాదన్నాడు. మా ఆయన అడిగిన దారి స్వర్గానికి పోయేది కాదు. అది స్విట్జర్లాండ్ అనే దేశంలో రెండు కొండల మధ్య ఉండే సందు. పేరు గెమ్మి. దాన్ని మూసింది నేను.

ఇది నా మనవరాలు జరీనా రాస్తోంది, నేను చెబుతున్నాను. నాకు సంతకం వచ్చు, బస్సు మీద అంకె వచ్చు, అంతకు మించి రాదు. నేను "పోయిన" అంటే తను "వెళ్ళాను" అని రాస్తుంది. పుస్తకంలో అట్లాగే బాగుంటుందట. రాసుకోనీ. మా ఆయన పేరు మాత్రం నేను చెప్పను. మా కాలంలో మొగుడి పేరు నోటితో పలికేవాళ్ళం కాదు, చనిపోయారు కదా అని ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టను.

మాది పట్నంలో మొఘల్‌పురా. దూదేకులవాళ్ళం. మా తాత భుజాన విల్లు వేసుకుని ఊళ్ళ మీద పడి పరుపులకు దూది ఏకేవాడు. నాయిన మాత్రం పట్నం వచ్చి ఒక కాశ్మీరీ ఉస్తాద్ దగ్గర రఫూ పని నేర్చుకున్నాడు. పురుగు తిన్న శాలువాకు, నిప్పురవ్వ పడ్డ షేర్వానీకి, అదే బట్టలోంచి అదే పోగు తీసి, చిల్లు ఉన్న చోట మళ్ళీ నేసినట్టుగా నేయడం రఫూ. కుట్టు వేరు, రఫూ వేరు. కుట్టు కనపడుతుంది. రఫూ కనపడితే అది రఫూ కాదు. నాయిన పని చేసిన శాలువాను యజమాని వెలుతురుకు పట్టుకుని, తిప్పి, బోర్లించి, "చిల్లు ఎక్కడుండె?" అని అడిగితే ఆ రోజు మా ఇంట్లో మాంసం వండేవాళ్ళు. చూపించగలిగితే పప్పు. మా ఇల్లంతా ఉన్ని వాసన. పురుగు రాకుండా అమ్మ బట్టల మడతల్లో ఎండిన వేపాకు, పొగాకు కాడలు పెట్టేది. ముడతలు తీయడానికి రాగి చెంబులో నిప్పులు పోసి, తడిగుడ్డ పరిచి, దాని మీద తిప్పేది. తడిసిన ఉన్ని మీద వేడి చెంబు పడితే మేకలు వానలో తడిసి ఇంట్లోకి వచ్చినట్టు ఉంటుంది. నాకు ఈ రోజుకీ మేక అరుపు వినపడితే ఇంటి వాసన వస్తుంది.

నాకు పదమూడు, పద్నాలుగేళ్ళప్పుడు నాయినకు చూపు మందగించడం మొదలైంది. ముందు తెల్ల దారం, గోధుమరంగు దారం ఒకటే అయ్యాయి. తర్వాత దారమూ సూదీ ఒకటే అయ్యాయి. అమ్మ ఎవరికీ చెప్పలేదు. పశ్మీనా శాలువాను గుడ్డివాడి చేతికి ఎవరూ ఇవ్వరు. అందుకని ఇంట్లో కొత్త ఏర్పాటు జరిగింది. నాయిన రోజూ పొద్దున్నే గుమ్మం దగ్గర చాప మీద కూర్చుని, ఒళ్ళో ఏదో ఒక గుడ్డ వేసుకుని, సూది పట్టుకునేవాడు. నేను లోపల అర్ర కిటికీ కింద కూర్చుని పని చేసేదాన్ని. వచ్చినవాళ్ళు నాయినకు బట్ట ఇచ్చేవాళ్ళు. నాయిన వేళ్ళతో తడిమి, "ఇది మెడ కింది ఉన్ని, దీనికి టైం పడ్తది" అనేవాడు. అబద్ధం కాదు, ఆ వేళ్ళకు నిజంగానే తెలిసేది. మేక మెడ కింది వెంట్రుక ఏదో, పొట్ట కింది వెంట్రుక ఏదో కళ్ళున్నప్పుడు కూడా ఆయన వేళ్ళతోనే చూసేవాడు. మా ఇంట్లో గోషా లేదు, గోషా పెట్టుకునేంత ఇల్లు కాదు. కానీ నేను సూది పట్టుకున్నట్టు బయటివాళ్ళెవరికీ తెలియదు. నాకు నాయిన నేర్పిన సూత్రం ఒక్కటే: "నమూనా ఎక్కడ తెగిందో అక్కడ నమూనా కలుపు. నీ తెలివి వాడకు."

అట్లా ఉండగా ఒక రోజు దేవిడీ నుంచి పరదా వచ్చింది. దేవిడీ అంటే మా గల్లీ చివర ఒక నవాబు గారి పెద్ద ఇల్లు. ఆయన పడుచువాడిగా ఉన్నప్పుడు ఊపిరితిత్తుల జబ్బు చేస్తే, వైద్యం కోసం ఓడెక్కించి స్విట్జర్లాండ్ కొండల్లోకి పంపారట. అక్కడ కొన్నేళ్ళుండి, నయమై తిరిగొచ్చారు. వచ్చాక ఇక గడప దాటలేదు. కానీ మనసు అక్కడే ఉండిపోయిందేమో, ఒక కాశ్మీరీ పనివాణ్ణి పెట్టి, కాగితపు నక్షా చూపించి, ఆ దేశమంతా ఒక పరదా మీద కుట్టించుకున్నారు. నిలువెత్తు పరదా. ఆకుపచ్చ ఉన్ని గుడ్డ. దాని మీద కొండల వరసలు నల్లటి, గోధుమరంగు దారాలతో గోడల్లాగా దట్టంగా కుట్టి ఉన్నాయి. శిఖరాలు తెల్ల పట్టుతో, సరస్సులు నీలం దారంతో. లోయల్లో ఏమీ కుట్టలేదు, గుడ్డే లోయ. రోజూ సాయంత్రం నవాబు గారు ఆ పరదా ముందు కుర్చీ వేయించుకుని, సన్నటి బెత్తంతో ప్రయాణం చేసేవారు. ఒక సరస్సు దగ్గర బయలుదేరి, ఆరు కనుమలు దాటి, చివరి కనుమ అవతల తనకు జబ్బు నయమైన ఇంటికి చేరాలి. పక్కన ఒక మనిషి నిలబడి పుస్తకం చూసి పేర్లు చదవాలి. సుస్టెన్, గ్రిమ్‌సెల్, ఫుర్కా, గోట్‌హార్డ్, సింప్లాన్, గెమ్మి. ఆ చదివే మనిషే మా ఆయన. దబీర్‌పురాలో స్టేషన్ వెనక ఉండేవారు. కొండంటే అప్పటికి ఆయన చూసింది మౌలాలి గుట్ట, నేను చూసింది కూడా అదే. దానికి మెట్లున్నాయి.

ఆ పరదాకు పురుగు పట్టింది. ఎక్కడ ఉన్ని మందంగా ఉంటే పురుగుకు అక్కడ రుచి, కాబట్టి కొండలనే తిన్నది. మా ఆయనే దాన్ని చుట్ట చుట్టి భుజాన వేసుకుని తెచ్చి నాయిన ముందు దించారు. "చిచ్చా, నవాబు గారు మీ చేతికే ఇయ్యమన్నరు. ఇంక ఎవ్వలను నమ్మరు" అన్నారు. నాయిన తడిమి చూసి, "నలభై రోజులు" అన్నాడు. లోపల నేను విన్నాను. నలభై రోజులు నేను స్విట్జర్లాండ్ మీద బోర్లా పడుకున్నాను. చిల్లులు నేశాను, తెగిన కొండలు కలిపాను, శిఖరాలకు మళ్ళీ మంచు పెట్టాను. కొన్నిచోట్ల గుడ్డ బాగానే ఉంది కానీ కొండ వరస మాత్రం మధ్యలో వేలిగోరంత మేర తెగి ఉంది. ఇవతల కొండ, అవతల కొండ, మధ్యలో బోసి గుడ్డ. దారం అరిగి ఊడిపోయిందనుకున్నాను. నమూనా తెగిన చోట నమూనా కలపాలి కదా. కలిపాను. అట్లాంటివి ఆరు. ఆఖరిది కలుపుతుండగా నాయినకు ఉస్తాద్ ఇచ్చిన సన్న సూది విరిగింది. ఇంకో సూదితో పూర్తి చేశాను. నా చేతి పనిలో నాకు అంత నచ్చిన పని మళ్ళీ చేయలేదు.

పరదా వెళ్ళిన నాలుగో రోజు ఆయన మళ్ళీ వచ్చారు, పరదా మళ్ళీ భుజాన ఉంది. నాయిన ఎప్పటిలాగే గుమ్మంలో సూది పట్టుకుని కూర్చున్నాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

"సలాం చిచ్చా."

"వాలేకుం సలాం. ఏంది బేటా, నవాబు గారికి పని నచ్చిందా?"

"మస్తు నచ్చింది. చిల్లు ఎక్కడుండెనో నాకే కనవడ్త లేదన్నరు. కాకపోతే..."

"కాకపోతే?"

"మూడు రోజుల సంది లోయలనే ఉన్నరు."

"ఎవలు?"

"నవాబు గారు."

పొయ్యి దగ్గర నుంచి అమ్మ అందుకుంది. "యా అల్లా! ఏ లోయల? ఎవలన్న తోడున్నరా లేదా?"

"పరదా మీద లోయల, చిచ్చీ. సరస్సు కాడ బయలెల్లిండ్రు. ఎటు పోదామన్నా గోడనే. దర్రాలు లెవ్వు. అన్నం గూడ సరిగ తింట లేరు. నిన్న బెత్తం కింద వడేసి, 'క్యా, అబ్ ఇధరీచ్ మర్నా హై?' అన్నరు, ఇంక ఈడనే సావాల్నా అని."

"గుట్ట ఎక్కి అవుతలికి దిగమను" అంది అమ్మ. "గాల్లె లేపితే బెత్తం పోదా?"

"ఆయన గట్ల పోరు చిచ్చీ. దర్రా ఉంటేనే పోతరు. కాయిదా అంటే కాయిదా."

నాయిన అడిగాడు: "దర్రా అంటే ఏంది బేటా?"

"రెండు కొండల నడుమ సందు చిచ్చా. మనిషి ఇవుతలకెల్లి అవుతలికి పొయ్యే జాగ."

"అది పరదా మీద ఎట్ల కనవడ్తది?"

"ఏం కనవడదు. ఖాళీగ ఉంటది. ఖాళీనే దర్రా."

నాయిన సూదిని వేళ్ళ మధ్య తిప్పాడు. తర్వాత, "మా పనిల ఖాళీ జాగ అంటే ఖరాబైన జాగ" అన్నాడు.

అప్పుడు ఆయన నాయిన చేతిలోని సూదిని చూశారు. దానికి దారం లేదు. తలుపు పక్కన నన్ను చూశారు. దారం కొరికే అలవాటు నాది, కింది పెదవికి తెల్ల పోగు అంటుకుని ఉంది. ఈ మనిషి దేవిడీకి వెళ్ళి ఒక్క మాట అంటే చాలు, రఫూగర్‌కు కళ్ళు లేవట, పిల్ల చేస్తోందట అని. సాయంత్రానికి పది ఇళ్ళవాళ్ళు వచ్చి తమ శాలువాలు పట్టుకుపోతారు. నాయిన చాప చుట్టేయాలి. మా ఆయన మాత్రం, "సూదిల దారం అయిపోయినట్టున్నది చిచ్చా" అన్నారు. నాయిన, "ఇప్పుడే అయిపోయింది" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆయన ఆ సంగతి ఎక్కడా ఎత్తలేదు. అమ్మ అడగకుండానే చాయ్ పెట్టింది. మా ఇంట్లో అడగకుండా చాయ్ పెట్టించుకున్న మొదటి మనిషి ఆయనే.

ఇక విప్పాలి. పరదా పరిచాం. అసలు కష్టం అప్పుడు తెలిసింది. నా రఫూ నాకే దొరకలేదు. కొండ వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే కొండగా ఉంది. ఎక్కడ మొదట కుట్టిన పనివాడి కుట్టు, ఎక్కడ నా కుట్టు? దీపం పట్టాను, బోర్లించాను, ఎండలో ఆరేశాను. లేదు. అంత బాగా చేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయన రోజూ బెత్తం పక్కన నిలబడ్డవారు కాబట్టి గుర్తు చెప్పారు: ఫలానా సరస్సు నుంచి రెండు జానలు పైకి, టోపీ పెట్టుకున్నట్టుండే శిఖరానికి ఎడమ పక్కన, అని. కానీ గుర్తు జానెడు, కనుమ గోరంత. అప్పుడు నాయిన, "నా చెయ్యి పట్టు బిడ్డా" అన్నాడు. నేను నాయిన చూపుడు వేలు పట్టుకుని మా ఆయన చెప్పిన చోట పెట్టి, కొండ మీదుగా మెల్లగా నడిపించాను. ఒకచోట వేలు ఆగింది. "ఈడ పోగు పడుసుది" అన్నాడు నాయిన. అక్కడ విప్పాను. కింద ఆకుపచ్చ గుడ్డ బయటపడింది. సుస్టెన్ తెరుచుకుంది. ఆయన చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నారు. నాయిన మొహం చూడాల్సింది. రెండేళ్ళుగా దారం లేని సూదితో నాటకమాడిన మనిషి, ఆ రోజు మళ్ళీ రఫూగర్ అయ్యాడు. మధ్యాహ్నానికి గ్రిమ్‌సెల్, ఫుర్కా, గోట్‌హార్డ్, సింప్లాన్ తెరిచాం. నాయిన ఒక్క తప్పు చేయలేదు.

ఆరోదాని గుర్తు ఆయనకు సరిగ్గా తెలియదన్నారు. సింప్లాన్ దాటాక నవాబు గారికి రోజూ కుర్చీలోనే నిద్ర పడుతుందట, గెమ్మి దాకా పోవడం నెలకో రెండు నెలలకో ఒకసారి. "సుమారుగ ఈ పెద్ద వరస మీదనే ఏడనో ఉంటది. అది గూడ దొర్కితే ఇయ్యాలనే తీస్కపోత చిచ్చా. మిమ్ముల మల్ల సతాయించను" అన్నారు. ఆ మాట అంటూ ఆయన పరదాను చూడలేదు. నేను కూడా చూడలేదు.

ఆరోది నాకు తెలుసు. సూది విరిగింది అక్కడే. విరిగిన సూదిని ఎవరు మర్చిపోతారు? నాయిన వేలు పట్టుకుని పెద్ద వరస మీద నడిపించాను. ఆ చోటు రెండు వేళ్ళ దూరంలో ఉందనగా, చీమను దాటించినట్టు, నాయిన వేలు కొంచెం ఎత్తి అవతల పెట్టాను. వేలు ముందుకు పోయింది, ఆగలేదు. ఆయన మాకు ఎదురుగా కూర్చుని ఉన్నారు. "దొర్కలేదా చిచ్చా?" అన్నారు. "దొర్కలే" అన్నాడు నాయిన. "ఫికర్ లేదు. జుమ్మా రోజు నవాబు గారు ప్రయాణం చెయ్యరు. పరదా పట్కొస్త, మల్ల ఎతుకుదాం" అన్నారు.

మరుసటి శుక్రవారం జుమ్మాకు కబురు తెచ్చారు. లోయలో మూడు రోజులు విశ్రాంతి దొరికింది కాబట్టి నవాబు గారికి ఆ వారం నిద్ర పట్టలేదట. సింప్లాన్ దాటి గెమ్మి దాకా వచ్చి, బెత్తం ఆపి, చాలాసేపు చూసి, "బరఫ్ గిరీ హై" అన్నారట. ఆయన అక్కడున్న ఒక ఏడాది కూడా ఇట్లాగే మంచు పడి ఆ కనుమ మూసుకుపోతే, ఇవతలి ఊళ్ళో సత్రంలో ఆగిపోయారట. కోపం ఏమీ లేదు, కరిగిందేమో రఫూగర్‌ను అడిగి రమ్మన్నారట.

"బరఫ్ అంటే బండి మీద అమ్ముతరు, పొట్టుల పెట్టి, గదేనా?" అంది అమ్మ.

"అది గడ్డ, చిచ్చీ. ఇది పైనుంచి వడ్తది. మెత్తగ, తెల్లగ, దూది ఏకినట్టు."

నాయిన తల ఎత్తాడు. "దూదా? అయితే పైన గూడ మనోళ్ళే ఎవలో ఉన్నరు."

మా ఆయన అట్లా ఎన్ని జుమ్మాలు వచ్చారో నేను లెక్కపెట్టలేదు. చలికాలం పోయింది, మామిడి పూత వచ్చింది. పరదా భుజాన వేసుకుని వచ్చేవారు, పరిచేవాళ్ళం, నాయిన చెయ్యి చాపేవాడు, నేను నడిపించేదాన్ని, ఆ చోట ఎత్తేదాన్ని. తర్వాత చాయ్. పుస్తకంలోని సంగతులు చెప్పేవారు. అక్కడ ఆవుల మెడలకు మన గుడి గంటంత గంటలు కడతారని, కనుమ మీద కుక్కలు మనుషులను వెతుకుతాయని. నేను తలుపు పక్కనుంచి వినేదాన్ని. ఒకరోజు, "నీకు ఏ దర్రా ఇష్టం?" అని అడిగారు. "మూసి ఉన్నది" అన్నాను. అమ్మ చెంబు ఠపీమని కింద పెట్టింది.

ఒక జుమ్మా రోజు నాయిన మధ్యలోనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వేళ్ళను మొహం దగ్గర పెట్టుకుని, చూడగలిగినట్టు తిప్పితిప్పి చూశాడు. "కండ్లు వోయినయ్, అది అల్లా మర్జీ అనుకున్న. ఏళ్ళు గూడ వోయినయ్ బిడ్డా" అన్నాడు. సూదిని చాప అంచుకు గుచ్చి లేచి లోపలికి వెళ్ళాడు. ఆ తర్వాత సూది ముట్టలేదు. గుమ్మంలో కూర్చోలేదు. అప్పుడైనా నేను చెప్పాల్సింది. "నాయినా, నీ ఏళ్ళు మంచిగనే ఉన్నయ్, నేనే ఎత్తిన" అని ఒక్క మాట. చెప్తే ఎందుకు ఎత్తావని అడుగుతాడు కదా. ఆ జవాబు నా దగ్గర ఉంది, నోట్లోంచి రాలేదు. వారం తిరగకుండా దబీర్‌పురా నుంచి మా ఆయన తల్లి సంబంధం మాట్లాడటానికి వచ్చింది. నాయిన సంతోషపడ్డాడు. "ఆ పరదా దయ" అన్నాడు.

నాయిన తర్వాత ఏడెనిమిదేళ్ళు బతికాడు. చేతులు ఊరికే ఉండవు కాబట్టి అమ్మ చాటలో కందిపప్పు పోసి ముందు పెట్టేది. ఆయన ఒక్క రాయి వదలలేదు. ఇసుక రేణువంత రాయి కూడా తీసి పక్కన పెట్టేవాడు. నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా అమ్మ ఆ రాళ్ళను అరచేతిలో పోసుకుని నాకు చూపించేది. "ఇంత రాయి దొర్కుతది, అంత దర్రా దొర్కలే. ఏందో మరి" అనేది. ఇంకేమీ అనేది కాదు. ఆమెకు తెలుసు. పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళకు ఇల్లంతా కనపడుతుంది.

నవాబు గారు నెలకోసారి గెమ్మి దగ్గర ఆగి, మంచు కరగలేదని వెనక్కి తిరిగేవారు. రాజ్యం మారింది, దేవిడీ ఖాళీ అయింది. ఆయన బంధువుల దగ్గరికి వెళ్తూ, పేర్లు తెలిసినవాడి దగ్గరే ఉండాలని పరదా మా ఆయనకు ఇచ్చారు. మా గోడకు అంత ఎత్తు లేదు. చలికాలంలో పిల్లలకు కప్పి, ఎండాకాలంలో ఎండలో ఆరేసేదాన్ని. జరీనా, మీ నాన్న ఆ కొండల కింద పడుకునే పెరిగాడు. ఒక సరస్సును రెండుసార్లు తడిపాడు కూడా. ఇది కూడా రాయి.

ఇప్పుడు టీవీలో రోజూ ఆ కొండలే. సినిమావాళ్ళు అక్కడికి వెళ్ళి ఎగురుతారు. మగవాడికి మెడదాకా ఉన్ని, ఆ పిల్లకు మాత్రం చలికి సరైన గుడ్డ కూడా ఇవ్వరు. చూపు ఉన్నన్నాళ్ళు నేను పాట వినేదాన్ని కాదు, వెనక కనుమ ఎక్కడుందా అని చూసేదాన్ని. జరీనా చెప్పింది, ఇప్పుడు కొండల కింద నుంచే తవ్వి రైళ్ళు నడుపుతున్నారట. దర్రా మూసుకున్నా ఎవరికీ ఫికర్ లేదు. రఫూ కూడా ఎవరికీ అక్కర లేదు. నాకు ఇంకా కొంచెం చూపు ఉన్నప్పుడు ఈ పిల్ల మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంటు ఒకటి తెచ్చుకుంది. పాపం అనుకుని, తను కాలేజీకి వెళ్ళి వచ్చేలోగా రెండు మోకాళ్ళూ కలిపేశాను. చిరుగు ఎక్కడుండెనో దొరకలేదు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అది ఆ బట్టకు నమూనా అట. నాకు ఖాళీ జాగ కనపడితే చెయ్యి ఆగదు, ఏం చేయను?

మీ తాత పోయిన నలభయ్యో రోజున అటక మీద నుంచి ఆ పరదా దింపించాను. ఇప్పుడు నాకూ నాయినలాగే అయింది, వెలుగు తెలుస్తుంది, వస్తువు తెలియదు. పెద్ద వరస మీద నా వేలు నేనే నడిపించుకున్నాను. ఎత్తేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి వేలు వెళ్ళి సరిగ్గా అక్కడే ఆగింది. ఇన్నేళ్ళయినా నా పోగు పడుచుదే. సూది మొనతో విప్పాను. ఏం కనపడుతోందని జరీనాను అడిగాను. "గుడ్డంతా వెలిసిపోయింది అవ్వా, గీడ మాత్రం పచ్చగ ఉన్నది, కొత్త గుడ్డ లెక్క" అంది. ఎండ తగలలేదు కదా. నేను పిల్లగా ఉన్నప్పటి రంగు అది. వేలిగోరంత.

అప్పుడు అనిపించింది. ఆయన ఎదురుగా కూర్చున్నారు. అన్ని జుమ్మాలూ ఎదురుగానే కూర్చున్నారు. నేను వేలు ఎత్తడం నాయినకు కనపడదు, ఆయనకు కనపడుతుంది. ఎన్నడూ, "అదేంది, ఆ జాగ ఇడిసిపెట్టినవ్" అనలేదు. కళ్ళున్నవాళ్ళం ఇద్దరం, కళ్ళు లేని మనిషిని మధ్యలో కూర్చోబెట్టుకుని సంసారం మొదలుపెట్టాం. ఆ మాట అరవై ఏళ్ళు ఇద్దరం ఎత్తలేదు. చివరికి ఆయనే ఎత్తారు, నేను చాయ్ తాగమన్నాను.

అవును, నాకు ఎరుకే. మొదటి నుంచీ ఎరుకే. నాయిన వేళ్ళకు ఏమీ కాలేదు. ఇది కూడా రాసుకో.

ఇక రాసిందంతా మొదటి నుంచి చదువు బిడ్డా, నేను వింటాను. అక్కడ కాదు, మీ తాత మంచానికి కుడి పక్కకు, వినపడే చెవి పక్కకు వచ్చి కూర్చో. గట్టిగా చదువు.